కొంగున కట్టిన గ్రిప్పులు

స్తంభం ఎక్కే పరీక్ష పాసై కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి సిరిసిల్ల వస్తుంటారు. చాయ్ తాగుతూ ఆ మాటా ఈ మాటా అయ్యాక ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు, "సార్, భయం పోవాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?" అని. పోదు అంటాను. వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టర్ నాలుగు ధైర్యం మాటలు చెబుతాడని వస్తే ఇదేం మనిషి అన్నట్టు చూస్తారు. ఏం చేయను, నాకు తెలిసింది అదే. ఉద్యోగమంతా భయపడుతూనే చేశాను. భయపడ్డాను కనుకనే మీతో కూర్చుని చాయ్ తాగుతున్నాను.

ఇది కోరుట్ల వైపు సెక్షన్‌లో నేను పనిచేసినప్పటి సంగతి. అప్పటికింకా పొలాలకు కరెంటు రోజంతా ఉండేది కాదు. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు ఇచ్చేవాళ్ళు. పైన వానల్లేవు, కింద బోర్లలో నీళ్ళు అడుగంటాయి. ఊళ్ళలో మగవాళ్ళు చాలామంది గల్ఫ్‌లో ఉన్నారు. లేనివాళ్ళు వీసా కోసం చూస్తున్నారు. మోటారు వేయడం, పారతో మడికి నీళ్ళు తిప్పడం, ఫ్యూజు పోతే మాకు కబురు పెట్టడం, అన్నీ ఆడవాళ్ళే.

ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయగలిగినదానికంటే ఎక్కువ మోటార్లుండేవి. అన్నీ ఒక్కసారి వేస్తే అది కాలిపోతుంది. కాలితే బాగుచేయించి తెచ్చేలోపు పంటే పోతుంది. అందుకని రైతులు వంతులు పెట్టుకున్నారు. ఇవాళ నీ వంతు, రేపు నా వంతు. ఇది మా డిపార్ట్‌మెంటు పెట్టిన రూలు కాదు, వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. వంతున్న మనిషిని అడగకుండా ఆ రోజు ఫ్యూజు డబ్బా మీద ఎవరూ చేయి వేయకూడదు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళలో కూడా ఈ ఒక్క మాట తప్పేవాళ్ళు కాదు.

ఆ డబ్బా గురించి కూడా చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండే ఇనుప డబ్బాలో పింగాణీ గ్రిప్పులుంటాయి, ఫ్యూజు తీగ కట్టేవి. స్విచ్చి హ్యాండిల్ దించి, ఆ గ్రిప్పులు పీకేస్తే పొలాల మీది తీగల్లో కరెంటు ఉండదు. లైన్‌మన్ వాటిని జేబులో వేసుకుని స్తంభం ఎక్కుతాడు. గ్రిప్పులు జేబులో ఉన్నంతసేపు ప్రాణం జేబులో ఉన్నట్టే అని మేమంతా నమ్మేవాళ్ళం.

ఆ నమ్మకం ఒక పొద్దున పోయింది.

పక్క సెక్షన్‌లో నాతోపాటే ఉద్యోగంలో చేరిన లైన్‌మన్ ఒకాయన గ్రిప్పులు జేబులో వేసుకునే ఎక్కాడు. వంతు మారే వేళ. తన వంతు మొదలైందనుకున్న రైతు డబ్బా తెరిచి చూస్తే గ్రిప్పులు లేవు. లేకపోతే ఏం, ఇంత ముక్క తీగ చుట్టి పని నడిపించడం ఊళ్ళలో అందరికీ అలవాటే. అలాగే తీగ చుట్టి హ్యాండిల్ ఎత్తాడు. అతనికి పైన మనిషి ఉన్నాడని తెలియదు. తెలిస్తే అలా చేసే మనిషి కాదు. జగిత్యాల ఆసుపత్రి వెనక, శవాల గది ముందు మేమంతా నిలబడ్డ చోటికే ఆ రైతు కూడా వచ్చి, గోడకు తల ఆనించి ఏడ్చాడు. పోయిన లైన్‌మన్ చెప్పులు ఎవరో సంచిలో వేసి తెచ్చారు. స్తంభం ఎక్కే ముందు చెప్పులు కింద విడవడం మా దగ్గర అలవాటు. దండం పెట్టుకున్నట్టూ అవుతుంది, పట్టూ దొరుకుతుంది. ఆ చెప్పుల సంచి ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు నేనే పట్టుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చాక కూడా చేతికి ఆ బరువు తెలుస్తూనే ఉంది.

తర్వాత మా సెక్షన్ నిలువునా కుంగిపోయింది. ఒకతను లీవు పెట్టి మళ్ళీ రాలేదు. కాంట్రాక్టు మీద పనిచేసే ఒకతను "గాడ ఎండకు మాడిన మంచిదే సారూ, గీ తీగెలతోని నాతోని గాదు" అని దుబాయ్ పోయాడు. మిగిలినవాళ్ళు వచ్చేవాళ్ళు గానీ ఎక్కడానికి సాకులు చెప్పేవాళ్ళు. ఒకరికి నడుము నొప్పి, ఒకరికి కళ్ళు తిరుగుడు. ఎక్కినవాళ్ళు కిందికి చూస్తూ పనిచేసేవాళ్ళు, చేతిలో పని మీద చూపుండేది కాదు. అది ఇంకా ప్రమాదం. పొద్దున ఫోన్ మోగితే, ఎత్తే ముందు ఆ రోజు ఎవరెవరు ఎక్కారో లెక్కపెట్టుకునేవాణ్ణి. మనుషులను పైకి పంపి కింద నిలబడేవాడి భయం వేరు. పైనున్నవాడికి పని ఉంటుంది. కిందివాడికి భయమే పని.

అప్పుడే జగిత్యాల డివిజన్ ఆఫీసులో మాకొక ట్రైనింగు పెట్టారు. పట్నం నుంచి ఒకాయన టై కట్టుకుని వచ్చాడు. టీమ్ స్పిరిట్, పాజిటివ్ లీడర్‌షిప్ అని గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. మీ మనుషులు మంచి పని చేస్తే చప్పట్లు కొట్టండి, ప్రతి పొద్దునా ఒక మంచి మాటతో మొదలుపెట్టండి, మీ నోట భయం అనే మాట రానీయకండి అన్నాడు. మంచివాడే. భోజనాల దగ్గర మా అందరికంటే ముందు లేచి మాకే వడ్డించాడు. వెనక బెంచీలో నా పక్కన కూర్చున్నాయన మాత్రం "గీయనకు ఒక్కపారి షాక్ గొడ్తే గీ బొమ్మలన్ని గోడకెల్లి దిగుతయి" అని గొణిగాడు.

నేను మరుసటి రోజే మొదలుపెట్టాను. పొద్దున అందరూ రాగానే నిలబడి చప్పట్లు కొట్టాను. మా పాత లైన్‌మన్ చాయ్ గ్లాసు పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది సారూ, దోమలు ఎక్కువైనయా?"

అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆఫీసులో నవ్వు వినిపించింది కనుక ఆ ట్రైనింగు పూర్తిగా దండగ అని మాత్రం అనను.

ఈ పాత లైన్‌మన్ కల్లుగీత కుటుంబం మనిషి. వాళ్ళ నాయిన తాడిచెట్టు ఎక్కిన మోకును ఈయన స్తంభాలెక్కడానికి వాడేవాడు. మోకు అంటే చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడు. మా దగ్గర అధికారిక బెల్టులుండేవి గానీ, "మా నాయిన పానం నిలవెట్టిన తాడు ఇది. మీ బెల్టు ఎవల్ని నిలవెట్టింది?" అనేవాడు. భయమంటే ఏమిటో తనకు తెలియదని నలుగురిలో చెప్పుకునేవాడు. ఎవరైనా జంకితే ఎగతాళి చేసేవాడు. ఆయన ఎగతాళికి జడిసి నోరు మూసుకున్నవాళ్ళలో మస్కట్ ఒకడు.

మస్కట్ అని మేం పెట్టిన పేరు. ఊరు పెగడపల్లి మండలం. మస్కట్‌లో ఎత్తు కట్టడాల మీద పనిచేసి, కంపెనీ మూతపడితే తిరిగొచ్చాడు. మాటలు తక్కువ, చెయ్యి చాలా నాణ్యం. తీగ బిగించాడంటే గాలిదుమారానికి కూడా ఊగేది కాదు. కాని స్తంభం దిగేటప్పుడు మాత్రం చాలాసేపు పైనే ఆగేవాడు. "ఏందిరా, గాడనే కాపురం వెడ్తవా?" అని పాత లైన్‌మన్ కింది నుంచి అరిచేవాడు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఎందుకో చెప్పలేను, చూస్తే భయమేసేది.

చప్పట్లు పనిచేయలేదు కదా, మరేం చేయాలి అని ఆలోచిస్తే నాకు మా నాయిన గుర్తొచ్చాడు. మాది సిరిసిల్లలో మరమగ్గాల ఇల్లు. తర్వాత గిరాకీ పోయి, మగ్గాలు తుక్కు కింద పోయి, మా అన్న పనికి భివండి వెళ్ళిపోయాడు. మగ్గాలు ఆడినన్ని రోజులు మా నాయిన స్విచ్ వేసే ముందు "చెయ్యి!" అని కేకేసేవాడు. షెడ్డులో ఉన్న ప్రతి ఒక్కరూ, అమ్మ, అన్న, నేను, "తీసిన" అని ఎవరి గొంతుతో వాళ్ళు చెప్పాలి. ఒకరి బదులు ఇంకొకరు చెబితే ఒప్పుకునేవాడు కాదు. "అమ్మ తీసింది నాయినా" అని నేనంటే, "ఆమెకు నోరు లేదా?" అని కసిరేవాడు. అంత చాదస్తమేమిటని చిన్నప్పుడు విసుక్కునేవాణ్ణి.

ఒక పొద్దున చాయ్ దగ్గర నేనే మొదలుపెట్టాను. ట్రైనింగు ఆయన చెప్పినదాన్ని సరిగ్గా తిరగేశాను.

"నాకు బుగులైతుంది" అన్నాను. మా వైపు భయాన్ని బుగులు అంటారు. "మీరు పైనున్నప్పుడు కింద ఎవడన్న డబ్బా తెరుస్తడేమో అని. మీకేందో మీరు చెప్పండ్రి. చెప్పినోన్ని ఇయ్యాల ఎక్కుమనను. ఎగతాళి చేసినోన్ని మాత్రం ఎక్కిస్త."

ముందుగా ఒకతను, తడిసిన స్తంభమంటే భయమన్నాడు. ఇంకొకతను ఇంట్లో గొడవపడి వచ్చిన రోజు చేతులు వణుకుతాయన్నాడు. చెప్పినవాళ్ళు ఆ రోజు కింద ఉన్నారు, పక్కవాళ్ళు ఎక్కారు. విచిత్రమేమంటే, దిగిపోవచ్చని తెలిశాక సాకులు తగ్గాయి. పాత లైన్‌మన్ మాత్రం మీసం దువ్వుకుని "నాకేం లేదు" అన్నాడు. మస్కట్ చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

కిందివైపు సంగతి మిగిలింది. ఊరూరా డబ్బా దగ్గర నిలబెట్టడానికి నా దగ్గర మనుషులు లేరు. అందుకే రైతుల కట్టుబాటునే పట్టుకున్నాను. ఆ రోజు ఎవరి వంతైతే, పీకిన గ్రిప్పులు వాళ్ళ చేతికే ఇవ్వాలి. డబ్బా ముందు వాళ్ళే నిలబడాలి. స్తంభం ఎక్కిన ప్రతి మనిషీ దిగాక తన నోటితో "దిగిన" అని చెబితేనే గ్రిప్పులు తిరిగి పెట్టాలి.

పాత లైన్‌మన్ నెత్తి కొట్టుకున్నాడు. "దొంగ చేతికి తాళాలిచ్చినట్టున్నది సారూ. కరెంటు అందరికన్న తొందరగ కావాల్సింది వంతున్నోళ్ళకే. గాళ్ళ చేతికే ఇస్తరా?"

"అందుకే ఇచ్చేది. వాళ్ళను కాదని ఇంకెవడూ డబ్బా ముట్టడు."

అన్నాను గానీ, ఆ మాట నిజమవుతుందో లేదో నాకే నమ్మకం లేదు. తప్పయితే పోయేది నా ప్రాణం కాదు. అదే నన్ను తినేసింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ముందురోజు సాయంత్రం గాలిదుమారం లేచి ఒక ఊరి బయట కాలువ మలుపు దగ్గర తీగ తెగింది. యాసంగి వరి, అంటే రబీ పంట, పొట్టమీద ఉంది. అప్పుడు నీళ్ళు తప్పితే గింజ పట్టదు, తాలు మిగులుతుంది. ఆ రోజు వంతు ఒక రైతు భార్యది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. ఆమె మడి అప్పటికే నెర్రెలు విచ్చింది. నేను గ్రిప్పులు పీకి ఇస్తే ఆమె వాటిని కొంగున వేసి గట్టిగా ముడి వేసి నడుములో దోపుకుంది.

"ఎందరెక్కుతుండ్రు సారూ?"

"ఇద్దరమ్మా."

"ఇద్దరూ అచ్చి చెప్పాలె గద?"

"ఇద్దరూ. నేను చెప్పినా ఇయ్యద్దు."

"జర జల్ది జేయుండ్రి. పైలం" అంది. త్వరగా చేయమనీ, జాగ్రత్తగా చేయమనీ ఒకే ఊపిరిలో అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

తీగ తెగిన చోటు నుంచి డబ్బా కనిపించదు. మధ్యలో కాలువ కట్ట, మామిడితోట. గట్టిగా కేకేస్తే వినిపిస్తుంది, అంతే. తెగిన తీగకు రెండు వైపులా స్తంభాల మీద ఇద్దరు ఎక్కారు, ఒకదాని మీద పాత లైన్‌మన్, రెండోదాని మీద మస్కట్. పొరపాటున కరెంటు వచ్చినా మనిషిని కాపాడేందుకు తీగను భూమికి కలుపుతూ ఒక గొలుసు వేస్తాం. అది పాత లైన్‌మన్ తన వైపు వేశాడు. పని చకచకా నడిచింది. తీగ బిగిసింది. పాత లైన్‌మన్ తన వైపు ముడి పూర్తి చేశాడు. అవతల మస్కట్ కూడా పని ముగించి కాలు కిందికి జార్చడం చూశాడు. ఇద్దరం దిగుతున్నామనుకున్నాడు. గొలుసు తీసేసి దిగిపోయాడు.

మస్కట్ దిగలేదు. ఒక కాలు కిందికి జార్చి అక్కడే బిగుసుకుపోయాడు. స్తంభాన్ని రెండు చేతులా కావిలించుకుని, చెంప సిమెంటుకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. తీగ అతని భుజానికి ఆనీ ఆనకుండా ఉంది.

"తమ్మీ, దిగు."

పలకలేదు.

"ఏమైంది?"

పెదవులు మాత్రం కదిలాయి. "సారూ, కింద ఎవలు లేరు."

"నేనున్న గదా. ఇటు చూడు."

"చూడ. చూస్తే గాడు కనవడ్తడు."

అప్పుడు చెప్పాడు, పైనుంచే, కళ్ళు తెరవకుండా. మస్కట్‌లో తన పక్కన పనిచేసే దోస్తు, మన జిల్లావాడే, పరంజా దిగుతూ పడిపోయాడు. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు, దిగేటప్పుడే. కింద పరంజా పట్టుకోవాల్సిన మనుషులు పని అయిపోయిందనుకుని తలా ఒక దిక్కు వెళ్ళిపోయారు. "కింద ఒక్కడన్న ఉంటే బతుకుతుండె సారూ. ఒక్కడు లేడు" అన్నాడు. ఇన్నాళ్ళూ స్తంభం మీద అతను ఎందుకు ఆగుతున్నాడో అప్పుడు అర్థమైంది. ప్రతిసారీ ఆ దోస్తును దాటుకుని దిగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎక్కడో మోటారు మొదలైంది.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సాయంత్రం కరెంటు వచ్చే వేళయింది. ఒకటి, దాని వెంట ఇంకొకటి. మస్కట్ భుజం పక్కనున్న తీగనే చూస్తూ నిలబడ్డాను. ఏమీ కాలేదు. ఆ మోటార్లు కాలువ అవతలి ట్రాన్స్‌ఫార్మర్‌వి. అది తెలిసేసరికి నా చొక్కా తడిసిపోయింది. మనిషి చావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఆ కాసేపట్లో నేను జగిత్యాల ఆసుపత్రి వెనక దాకా పోయి వచ్చాను.

ఆ వెంటనే మామిడితోట అవతల నుంచి అరుపులు వినిపించాయి. మగగొంతు ఒకటి, ఆడగొంతు ఒకటి. డబ్బా దగ్గరే. నేను పోలేను. నేను కదిలితే కింద ఎవరూ లేరన్న అతని మాట నిజమవుతుంది. పాత లైన్‌మన్ అప్పటికే పరుగెత్తుకొచ్చాడు. తల పైకెత్తి చూశాడు. ఎగతాళి చేస్తాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం చెప్పులు విడిచి, మోకు భుజాన వేసుకుని, అదే స్తంభం ఎక్కడం మొదలుపెట్టాడు.

గొలుసు లేదు. ఇప్పుడు పైన ఇద్దరు.

డబ్బా దగ్గర ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది. ఆమె మరిది కాలువ కట్ట మీద వస్తూ, పాత లైన్‌మన్ దిగడం చూశాడు, తీగ బిగిసి ఉండడం చూశాడు. మరుసటి రోజు వంతు అతనిదే. వదిన మడి ఎండిపోతోందని ఆమెకంటే ఎక్కువ కంగారు పడ్డాడు. మేలు చేద్దామనే ఉరికాడు.

"వదినె, అయిపోయింది, దిగిండ్రు! గ్రిప్పులు వెట్టు!"

"దిగిన అని నాకు చెప్పలే."

"నేను జూసిన గదనే! లైన్‌మన్ దిగిండు!"

"ఇద్దరెక్కిండ్రు. ఒక్కన్ని జూసినవా, ఇద్దర్ని జూసినవా?"

"కరెంటు మల్ల పోతది. నీ వరి తాలు వోతది. అన్నకు ఏం జవాబు చెప్తవ్?"

గ్రిప్పులు ఇవ్వకపోయేసరికి అతను జేబులోంచి తీగముక్కలు తీశాడు. ఊళ్ళో మగవాళ్ళ జేబుల్లో బీడీ కట్ట ఉన్నట్టే అవీ ఉండేవి. ఆమె డబ్బా తలుపుకు వీపు ఆనించి, ఒక చేత్తో స్విచ్చి హ్యాండిల్ గొట్టాన్ని చుట్టుకుని కూర్చుండిపోయిందట. కట్టుబాటే గుర్తుచేసిందట.

"ఇయ్యాల వంతు నాది. నా వంతుల నన్నడుగక డబ్బా ముడ్తవా?"

అతను ఆగిపోయాడు. ఆ ఒక్క మాట దాటి రావడం ఆ ఊళ్ళో ఎవరి వల్లా కాదు. అప్పుడామె గొంతు తగ్గించి అందట, "పోయి స్తంభం కింద చెప్పులున్నయో లెవ్వో జూసి రాపో. చెప్పులుంటే పైన మనిషున్నట్టు."

అతను తిట్టుకుంటూ తోట దాటి మా వైపు వచ్చాడు. చేతిలో ఆ తీగముక్కలు అలాగే ఉన్నాయి. నేను చూశాను. అతను స్తంభం కింద చెప్పులు చూశాడు, రెండు జతలు. నెమ్మదిగా తల పైకెత్తాడు. చేతిలోని తీగలను పాము ముక్కలన్నట్టు కాలువలోకి విసిరేసి, నా పక్కన వచ్చి స్తంభానికి రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. స్తంభం పడిపోయేది కాదు, పట్టుకోవాల్సిన పని లేదు. అయినా పట్టుకున్నాడు.

పైన పాత లైన్‌మన్ మస్కట్ నడుము చుట్టూ తన నాయిన మోకు తిప్పి కట్టాడు. తను ఒక అడుగు కిందికి దిగి, "నా బుజం మీద కాలు వెయ్యి. నేను నీ కిందనే ఉన్న. సారు నా కింద ఉన్నడు. సారు పక్కకు ఇంకొకాయన ఉన్నడు" అన్నాడు. అంత మెల్లగా మాట్లాడడం ఆయనకు వచ్చని నాకప్పటిదాకా తెలియదు. మస్కట్ కళ్ళు తెరవలేదు. కాలితో వెతికి ఆ భుజం దొరికించుకున్నాడు. అలా ఒక్కో అడుగే దిగారు. నేల తగిలాక మస్కట్ మోకాళ్ళు మడిచి కూర్చుని మట్టిని పిడికిట్లో పట్టుకున్నాడు.

"దిగిన" అని కేక వేయమన్నాను. అతనికి గొంతు రాలేదు. నేను వేస్తే ఆమె ఒప్పుకోదు, నేనే చెప్పాను కదా. లేచి, మామిడితోట దాటి, ఆమె ముందుకెళ్ళి నిలబడి చెప్పాడు.

"దిగిన అక్కా."

ఆమె అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత పాత లైన్‌మన్ కూడా చెప్పే దాకా ఆగింది. అప్పుడు కొంగు ముడి విప్పబోతే అది రాలేదు. చెమటకు బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పింది. నేను గ్రిప్పులు పెట్టి హ్యాండిల్ ఎత్తాను. ఆమె మోటారు కాసేపు ఆడింది. నీళ్ళు సగం మడి కూడా పారకముందే కరెంటు పోయింది.

నేను తలవంచుకుని నిలబడ్డాను. అడగకుండా ఉండలేక అడిగాను, "అంత లొల్లి జేసినా ఎట్ల ఆపినవమ్మా?"

"మా ఆయన గాడ ఎత్తుల మీదనే పని జేస్తడు సారూ" అంది, కొంగు సర్దుకుంటూ. "ఆయన కింద ఎవలు నిలవడ్తరో నాకు తెల్వది. నేను గీడ నిలవడితే గాడ ఎవలన్న నిలవడ్తరేమో అని."

నేను మస్కట్ వైపు చూడలేకపోయాను. కాసేపటి కిందే స్తంభం మీద నుంచి అతను ఏం చెప్పాడో నాకు తెలుసు, పాత లైన్‌మన్‌కు తెలుసు. కింద ఒక్కడు లేడు అన్నాడు.

"ఉంటరక్కా" అన్నాడు మస్కట్. కేక వేయమంటే రాని గొంతు అప్పుడు స్పష్టంగా వచ్చింది. "గాడ గూడ కింద మనిషుంటడు. నేను జూసిన."

ఆమె ముఖం వెలిగింది. అబద్ధం అంత బాగా చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మరుసటి రోజు మరిది తన వంతు ఆమెకు ఇచ్చాడు. ఇస్తూ కూడా పెద్దగానే తిట్టాడని విన్నాను. మడి చివరి చెక్క తాలు పోయింది, మిగతాది పండింది. ఆ మరుసటి పొద్దునే మా చాయ్ దగ్గర మస్కట్ మొదటిసారి నోరు తెరిచి, "నాకు దిగేటప్పుడు బుగులైతది. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు" అన్నాడు. అందరం పాత లైన్‌మన్ ముఖం చూశాం. ఆయన చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"నాకు దినాం అయితది" అన్నాడు. "నిన్న గొలుసు తీసింది నేనే."

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ఆయన్ను ఎక్కనీయలేదు. మస్కట్ ఎక్కాడు. దిగేటప్పుడు కింద ఆయనే నిలబడి, ఎప్పటిలా అరవకుండా, "ఉన్న తమ్మీ, ఉన్న" అంటూ ఉన్నాడు.

ఆ సెక్షన్‌లో నేనున్నన్ని రోజులు మళ్ళీ ఎవరి చెప్పులూ సంచిలో రాలేదు. అది నా గొప్ప కాదు. చప్పట్లు కొట్టడం తప్ప లీడర్‌షిప్ పేరుతో నాకు వచ్చిందేమీ లేదు, అది కూడా దోమల పాలైంది. అందుకే పిల్లలూ, భయం ఎప్పుడు పోతుందని నన్ను అడగకండి. ఎక్కే ముందు చెప్పులు విడవండి, గొలుసు వేయండి, తర్వాత ఒక్కసారి కిందికి చూసి ఎవరున్నారని అడగండి. జవాబు వాళ్ళ నోటితోనే వినండి. వినపడకపోతే దిగిపోండి, ఎవరేమన్నా సరే.